లోపలాయన

జహీరాబాద్,
జూన్

ఉమైరాకు,

ఫోన్ చేస్తే నీకు వినపడదు. మెసేజ్ పెడితే నేను "బాగున్నా" అని ఒక్క ముక్క పడేసి ఊరుకుంటానని నీ ఫిర్యాదు. టైఫాయిడ్‌లో చెవులు పోగొట్టుకున్నది నువ్వు, ఈ వయసులో చేతిరాత దిద్దుకోవలసి వచ్చింది నాకు. సరే, కాగితం ముందేసుకుని కూర్చున్నాను. తప్పులుంటే సర్దుకుని చదువుకో.

ఉద్యోగంలో చేరాను. చిరాగ్‌పల్లి దాటాక హైవే పక్కన చిన్న మందుల ఫ్యాక్టరీ. బిళ్లలు కాదు, బిళ్లల్లోకి పోయే ముడిసరుకు చేస్తారు. పొద్దుటి షిఫ్టు ఇంజినీరును నేనే. మా నాన్న కిరాణా కొట్టుకు వచ్చినవాళ్లందరికీ ఈ సంగతి చెబుతూ పప్పు తూచడం మరిచిపోతున్నాడు. మా ప్లాంట్ మేనేజర్ నాగరాజ్ చెడ్డవాడు కాదు కానీ, ఏ పనైనా "రేపు చూద్దాం మేడం" అనే రకం.

సరుకు కలిపి ఉడికించే రియాక్టర్లు ఇక్కడ మూడు ఉన్నాయి. రెండు మామూలువి. మూడోదాన్ని మూతపడ్డ ఏదో ఫ్యాక్టరీవాళ్లు సామాను అమ్ముకుంటుంటే సెకండ్ హ్యాండ్‌లో కొనుక్కొచ్చారు. రెండంతస్తుల ఎత్తు ఉంటుంది, లోపలంతా నీలం గాజుపూత, మధ్యన సరుకును కలియదిప్పే స్టిర్రర్. మూత తీసి టార్చి వేస్తే వెలుగు కిందికి పోతూనే ఉంటుంది, అడుగు కనపడదు. నాకు మొదటి రోజే అది నచ్చలేదు. ఎందుకని అడిగితే చెప్పలేను.

దాని దగ్గర పనిచేసే ఆపరేటర్ శరణప్ప. రాయికోడ్ వైపు మనిషి, పెద్దవాడు, చల్లటి స్వభావం. మూత బిగించే ముందు ఆయన ప్రతిసారీ లోపలికి తల వంచి పిలుస్తాడు.

"లోపల ఎవలన్న ఉన్నరా? ఉంటే బయటికి రాన్రి!"

పిలిచాక అందరూ చేతులు ఆపి వింటారు. ఏమీ వినపడకపోతేనే మూత వేస్తారు. కడగడానికి దిగిన మనిషి లోపలే ఉండిపోకుండా జాగ్రత్త అనుకుని నేను మెచ్చుకున్నాను కూడా. అప్పుడు శరణప్ప నెమ్మదిగా చెప్పాడు.

"జాగ్రత్తనే మేడం. గానీ గదొక్కటే కాదు. పాత ఫ్యాక్టరీల ఒగాయన కడుగనీకి దీంట్లకు దిగిండంట. మీదున్నోళ్లు సూస్కోక స్టిర్రర్ తిప్పిన్రు. అండ్లనే పోయిండు. దీన్ని తెచ్చిన లారీ డ్రైవర్ చెప్పిండు. పేరు ఎవలకు ఎర్కలేదు. మేం లోపలాయన అంటం."

నిన్న శరణప్ప సెలవు. పిలవడం నా వంతు వచ్చింది. నవ్వుకుంటూనే తల వంచి పిలిచాను. నా మాటే తిరిగి వచ్చింది, కానీ గొంతు నాది కాదు. మగ గొంతు. నువ్వు నవ్వితే నవ్వు, నేను మాత్రం రెండోసారి పిలవలేదు.

రోజా

*

హైదరాబాద్,
జూన్

రోజాకు,

చెవిటిదాని ముందు శంఖం ఊదినట్టు, నాకా నీ గొంతుల గోల రాయడం? ఊదావు కాబట్టి జవాబు విను. ఆ పాత్ర అడుగు గిన్నెలా గుండ్రంగా ఉంటుంది. పిలుపు వెళ్లి అక్కడ తగిలి, పోగై, వెనక్కి వస్తుంది. అంత పెద్ద పాత్ర సన్నని గొంతును మింగేసి బొంగురును తిప్పి పంపుతుంది. నువ్వు కోకిలవు కాదన్న సంగతి హాస్టల్లోనే అందరికీ తెలుసు. కొంచెం బొంగురు ఎక్కువైతే మగ గొంతే.

దయ్యాలను వదిలేసి రియాక్టర్ సంగతి చూడు. డిజైన్ చేసేవాడు అడగాల్సినవి మూడే. సరుకు లోపల ఎంతసేపు ఉండాలి, ఎంత బాగా కలవాలి, పుట్టిన వేడి ఎటు పోవాలి. అన్నీ ఒకేసారి పోసి ఉడికించేది ఒక రకం. ఒకటి లోపల ఉంచి రెండోది కొద్దికొద్దిగా వదిలేది ఇంకో రకం. ఒక పక్క పోస్తుంటే ఇంకో పక్క నుంచి పోతూ ఉండేది మరొకటి. సన్నటి గొట్టంలాంటిది కూడా ఉంది. నన్నడిగితే వేడి పుట్టే పనికి గొట్టమే మేలు. ఎప్పుడు చూసినా దాని కడుపులో ఉండేది గుక్కెడు సరుకే, చుట్టూరా గోడే. పెద్ద పాత్ర అలా కాదు. అడ్డం, పొడుగు, ఎత్తు రెండింతలు చేస్తే లోపలి సరుకు ఎనిమిదింతలవుతుంది, వేడిని బయటికి పంపే గోడ నాలుగింతలే అవుతుంది.

మా సమద్ మామూ పెళ్లిళ్లకు దేగ్‌లో, అంత పెద్ద గుండిగలో, బిర్యానీ వండుతాడు కదా. ఇంటి గిన్నె దించగానే చల్లారుతుంది. దేగ్ మాత్రం పెళ్లివాళ్లు తిని చేతులు కడుక్కున్నా పొగలు కక్కుతూనే ఉంటుంది. మీ మూడో రియాక్టర్ అలాంటి దేగ్. అందులో ఏం వండుతున్నారో రాయి. ఇక్కడ ల్యాబులో నా పనే అది: ఏది దేనితో కలిస్తే ఎంత వేడి పుడుతుందో చిన్న పాత్రలో కొలిచి చెప్పడం.

లోపలాయనకు నా సలాం చెప్పు.

ఉమైరా

*

జహీరాబాద్,
ఆగస్టు

ఉమైరాకు,

అడిగావు కాబట్టి చెబుతున్నాను. ఇన్నాళ్లూ మూడో రియాక్టర్‌లో ఉత్త సాల్వెంట్ వేడి చేసి అందులో సరుకు కరిగించడమే జరిగేది. వచ్చే వారం నుంచి కొత్త మందు. ఒకటి లోపల ఉంటుంది. రెండోది పైఅంతస్తు ట్యాంకు నుంచి సన్నటి ధారగా పడుతుంది. పడింది పడ్డట్టే కలిసి వేడి పుడుతుంది, గోడ చుట్టూ తిరిగే చల్లనీళ్లు ఆ వేడిని లాక్కుపోతాయి. నువ్వు చెప్పిన రెండో రకమే.

స్టిర్రర్ ఆగితే పైనుంచి ధార దానంతటదే ఆగిపోయే ఏర్పాటు కూడా ఉంది. ఉంది అంటే, ఉండేది. నాగరాజ్‌ను అడిగితే, "గది మాటిమాటికి ఊకె ఆపుతుండె మేడం, వైరు తీసేసినం. ఒక బ్యాచ్ అయినంక కలుపుదాం తియ్" అన్నాడు. రేపు చూద్దాం జాబితాలో ఇదీ చేరింది.

అసలు చెప్పాలనుకున్నది వేరే. ఇక్కడ ఒక పద్ధతి ఉంది. అమావాస్య రోజు పొద్దుటి షిఫ్టు ఎక్కగానే శరణప్ప మూడో రియాక్టర్ స్టిర్రర్‌ను జరసేపు ఆపుతాడు. ఎందుకని అడిగాను.

"ఊదుబత్తి ముట్టియ్యరాదు, దీపం పెట్టరాదు. సాల్వెంట్ల కాడ నిప్పు పనికిరాదు కదా మేడం. ఇంకేమిస్తం లోపలాయనకు? తిప్పుడుతోనే పోయిండు, పాపం. జరసేపు తిప్పుడు ఆపుతం. గదే మా ఊదుబత్తి."

ఎంత మంచి మనసో చూడు. పోయిన అమావాస్యకు నేను అక్కడే ఉన్నాను. లోపల ఉన్నది ఉత్త సాల్వెంట్ కాబట్టి అడ్డు చెప్పలేదు. స్టిర్రర్ ఆగింది. రోజంతా వినీ వినీ మనకు వినపడకుండా పోయిన ఆ చప్పుడు ఒక్కసారి లేకపోయేసరికి చెవుల్లో ఏదో ఖాళీ అయినట్టనిపించింది. అందరూ తలలు వంచుకుని నిలబడ్డారు. ఇదిగో, అప్పుడు విన్నాను. లోపలి నుంచి టక్, టక్ మని. ఎవరో వేలి కణుపుతో తట్టినట్టు. అందరూ విన్నారు, ఎవరూ ఎవరి ముఖమూ చూడలేదు. చల్లనీళ్ల పైపుల్లో గాలి అంటావు. నేనూ అదే అనుకున్నాను. అనుకుంటూనే అక్కడి నుంచి దిగి వచ్చేశాను.

కోహీర్ జామకాయలు పంపుతున్నాను. ఈసారి కాయలు చిన్నవి కానీ తియ్యగా ఉన్నాయి.

రోజా

*

హైదరాబాద్,
ఆగస్టు

రోజాకు,

నీ ఉత్తరం చదివి ముందు మెసేజ్ పెట్టాను. అందులో వివరంగా చెప్పలేకపోయాను, అందుకే ఇది కొరియర్‌లో పంపుతున్నాను. నిలబడి కాదు, కూర్చుని చదువు.

జామకాయల బుట్ట ఇంకా విప్పలేదు. నాకు కోపంగా ఉంది. వైరు తీసేసిన రియాక్టర్‌లో, ధార పడుతుండగా, ఎవరో పోయారని స్టిర్రర్ ఆపడం కొరివితో తల గోక్కోవడమే. ఉత్త సాల్వెంట్‌కు అది పద్ధతి, కొత్త మందుకు అది చావు.

విను. స్టిర్రర్ ఆగితే పైనుంచి పడేది కలవదు. బరువైనదైతే అడుగుకు పోయి పేరుకుంటుంది. కలవలేదు కాబట్టి వేడి పుట్టదు. నువ్వు వెళ్లి చూస్తే రియాక్టర్ నిమ్మకు నీరెత్తినట్టు చల్లగా, నెమ్మదిగా ఉంటుంది. అంతా బాగుందనిపిస్తుంది. వేడెక్కాల్సిన పాత్ర చల్లగా ఉందంటే అది బాగున్నట్టు కాదు, లోపల దాచుకుంటున్నట్టు. అప్పుడెవరైనా స్టిర్రర్ మళ్లీ తిప్పారా, దాచుకున్నదంతా ఒక్కసారి కలుస్తుంది. ఆ వేడిని లాగే గోడ ఈ లోకంలో లేదు.

ఇది పుస్తకంలో చదివి చెప్పడం లేదు. నాకు టైఫాయిడ్ రాలేదు రోజా. పాత ఉద్యోగంలో ఒక మధ్యాహ్నం కరెంటు పోయింది. స్టిర్రర్ ఆగింది, పైధార ఆగలేదు. కరెంటు వచ్చాక మా షకీల్ పరుగెత్తుకెళ్లి స్విచ్చు వేశాడు. తప్పు దిద్దుతున్నాననుకున్నాడు. నేను మెట్ల దగ్గర ఉన్నాను. ఆ పేలుడే నేను ఆఖరున విన్న చప్పుడు. షకీల్ ఇంటికి ఏం పంపారో నేను రాయను. ఇన్నేళ్లుగా నీకు చెప్పలేదు, అడిగిన ప్రతిసారీ టైఫాయిడ్ అన్నాను.

అందుకని: శరణప్పకు ఆపొద్దని చెప్పు. అయినా ఆగితే ముందు ధార కట్టెయ్యి. చల్లనీళ్లు నిండుగా వదులు. మనుషుల్ని దూరంగా పంపు. అడుగు వాల్వును దూరం నుంచి కొద్దికొద్దిగా తెరిచి, చల్లటి సాల్వెంట్ నింపిన పెద్ద తొట్టిలోకి దించు. స్టిర్రర్ మాత్రం తిప్పకు. ఎవరు చెప్పినా తిప్పకు.

ఆ రియాక్టర్ ఒంటి మీద రేకు బిళ్ల ఉంటుంది, దాని మీది నంబరు రాసి పంపు. ఎక్కడిదో కనుక్కుంటాను.

ఉమైరా

*

జహీరాబాద్,
సెప్టెంబరు

ఉమైరాకు,

బతికున్నాను. ముందు ఆ మాట రాసి తర్వాత మిగతాది.

షిఫ్టు దిగి ఇంటికొచ్చాక నీ మెసేజ్ చూశాను, చూడగానే నాగరాజ్‌కు ఫోన్ చేశాను. "శరణప్పకు నేను చెప్త మేడం, ఫికర్ చెయ్యకున్రి" అన్నాడు. శరణప్ప ఊళ్లో సిగ్నల్ ఉండదు, అందుకని నాగరాజ్ మాట నమ్మాను. రాత్రికల్లా నీ కొరియరూ అందింది, కూర్చునే చదివాను. తెల్లారితే అమావాస్య. మనసు ఒప్పక షిఫ్టుకు ముందే బయలుదేరాను. గేటు దగ్గర ఫోన్ అప్పగించి లోపలికి అడుగు పెట్టి విన్నాను. మూడో రియాక్టర్ చప్పుడు లేదు.

నాగరాజ్ చెప్పడం మరిచిపోయాడు. శరణప్ప నాకంటే ముందే వచ్చి షిఫ్టు ఎక్కి, ఎప్పటిలాగే స్టిర్రర్ ఆపాడు. రాత్రి షిఫ్టువాళ్లు మొదలుపెట్టిన ధార పైఅంతస్తు నుంచి పడుతూనే ఉంది. ఆ సంగతి రియాక్టర్ దగ్గరున్న ఆయనకు తెలియదు. నేను మెట్లెక్కి వేడి చూపే ముల్లు చూశాను. చల్లగా ఉంది, నువ్వు రాసినట్టే. అరిచి ధార కట్టించాను, చల్లనీళ్లు నిండుగా వదిలించాను.

శరణప్పకు అప్పుడు అర్థమైంది, ధార పడుతుండగా ఆపానని. ఆయన చెయ్యి స్టిర్రర్ స్విచ్చు మీదికి పోయింది. తప్పు దిద్దుకోవాలని. కింద నుంచి నాగరాజ్ కేకలు: "తిప్పు శరణప్పా! బ్యాచ్ ఖరాబైతది, జల్ది తిప్పు!"

నేను వద్దని అరిచాను. పేరుకుందని, కలిస్తే పేలుతుందని, నువ్వు చెప్పినవన్నీ చెప్పాను. శరణప్ప ఒకసారి నన్ను, ఒకసారి కిందున్న మేనేజర్‌ను చూశాడు. ఆయన ఉద్యోగంలో నాగరాజ్ మాట ఎన్నేళ్లుగానో చెల్లుతోంది, నాది మొన్న మొదలైంది. వేలు బటన్ మీద ఆనింది.

నేను రియాక్టర్ మూతకున్న అద్దపు కిటికీ మీదికి వంగాను, లోపల ఎన్ని పొరలు కట్టిందో చూద్దామని. చూసి, లేచి, గట్టిగా అరిచాను.

"శరణప్పా, లోపల మనిషి ఉన్నడు! తిప్పకు!"

నిప్పు తగిలినట్టు ఆయన చెయ్యి వెనక్కి వచ్చింది. కింద నాగరాజ్ కేకలు ఆగిపోయాయి. లోపల మనిషి ఉండగా స్టిర్రర్ తిప్పేవాడు ఈ ఫ్యాక్టరీలో లేడు, మేనేజర్‌తో సహా. అందరం దిగి దూరంగా వెళ్లాం. కంట్రోల్ రూం నుంచి అడుగు వాల్వు తెరిచి కొద్దికొద్దిగా దించాం. చల్లటి తొట్టిలో పడ్డ ఆ కాస్త కాస్తకే తొట్టి సెగలు కక్కింది. అది నాగరాజ్ కూడా చూశాడు. సాయంత్రంలోగా వైరు కలిపించాడు, ఎవరూ అడగకుండానే.

షకీల్ గురించి చదివి ఏడ్చాను. నువ్వు చెప్పనందుకు కాదు, ఇన్నాళ్లు ఒక్కదానివే మోసినందుకు. రేకు బిళ్ల నంబరు విడిగా చీటీ మీద రాసి పెట్టాను.

రోజా

*

హైదరాబాద్,
సెప్టెంబరు

రోజాకు,

నీ ఉత్తరం మా అమ్మకు చదివి వినిపించాను. గౌహర్ బేగం గారు నీ పేరున నమాజు చేసి, పక్కింటి తస్లీమాను పిలిచి మళ్లీ మొదటి నుంచి చెప్పారు. పెదవులు చదివాను, ఆమె చెప్పిన కథలో నువ్వు గోడ దూకావు కూడా. నాకు మాత్రం మా పాత ఫ్యాక్టరీయే గుర్తొచ్చింది. ఆ రోజు మా దగ్గర షకీల్ చెయ్యి వెనక్కి లాగే మాట ఎవరికీ తట్టలేదు. నీకు తట్టింది. ఎంత తెలివైన అబద్ధం! మన ప్రొఫెసర్లు నేర్పని డిజైన్ సూత్రం: మనిషి దేనికి భయపడతాడో అది తెలుసుకుని మాట్లాడడం.

ఇప్పుడు నీకొక మంచి కబురు, ఇకనైనా నిద్రపోతావు. నువ్వు పంపిన నంబరుతో రియాక్టర్ తయారుచేసిన వాళ్లను అడిగాను. వాళ్ల దగ్గర రాతకోతలు పక్కాగా ఉన్నాయి. దాన్ని కొన్న ఫ్యాక్టరీ కట్టడం పూర్తి కాకముందే మూతపడింది. రియాక్టర్ టార్పాలిన్ కింద కొత్తదానిలాగే పడి ఉంది. దానికి మోటారు బిగించింది మీ దగ్గరే. మీకంటే ముందు అందులో స్టిర్రర్ ఒక్క చుట్టు తిరగలేదు. కడగడానికి దిగడానికి అది ఎప్పుడైనా మురికైతేగా?

లారీ డ్రైవర్ దారి పొడుగునా పొద్దుపోక అల్లిన కథ అది. ఆ పాత్రలో ఎవరూ చనిపోలేదు రోజా. లోపలాయన లేడు.

జామకాయలు తిన్నాం. ఇంకా పంపు.

ఉమైరా

*

జహీరాబాద్,
అక్టోబరు

ఉమైరాకు,

నీ ఉత్తరం వచ్చి చాలా రోజులైంది. జవాబు రాయడానికి చెయ్యి రాలేదు.

అది తెలివి కాదు. నేను అబద్ధం ఆడలేదు. అద్దంలోంచి చూశాను, లోపల మనిషి ఉన్నాడు. ద్రావణంలో భుజాల దాకా మునిగి, ముఖం పైకెత్తి నన్నే చూస్తున్నాడు. మా ఫ్యాక్టరీ బట్టలే వేసుకున్నాడు. ముఖం శరణప్పది.

ప్రతిబింబం అంటావు. అద్దం మీదికి వంగింది నేను, కనపడితే నా ముఖం కనపడాలి. శరణప్ప నా వెనక, అటు తిరిగి, స్విచ్చు మీద వేలు పెట్టి నిలబడి ఉన్నాడు.

నీకు ఇదంతా రాయకపోవడానికి కారణం ఉంది. అప్పుడెప్పుడో పోయినాయన శరణప్ప పోలికతో ఉంటాడేమో అని నాకు నేను చెప్పుకున్నాను. మనిషిని పోలిన మనుషులు ఉంటారు. ఆ ఒక్క మాట పట్టుకునే రోజూ మళ్లీ ఆ మెట్లెక్కుతున్నాను. నువ్వు మంచి కబురని రాసింది చదివాక ఆ మాటా పోయింది. అందులో ఎవరూ చనిపోలేదు. మరి నేను చూసింది పోయినవాణ్ని కాదు. ఆ వేలు నొక్కి ఉంటే పోయేవాణ్ని. అంతకు మించి నాకు ఏ అర్థమూ తోచడం లేదు. నీకు తోస్తే రాయి, నీ లెక్కలు ఏవైనా సరే నమ్ముతాను.

నిన్న శరణప్ప మా ఇంటికి వచ్చాడు. ఆయన భార్య శివమ్మ జొన్నరొట్టెలు, పల్లీల పొడి మూటకట్టి పంపింది. మా నాన్నతో వానల గురించి మాట్లాడాడు, చాయ్ తాగాడు. పోయేటప్పుడు చెప్పులు వేసుకుంటూ, ఎవరూ వినకుండా నన్ను అడిగాడు.

"రోజమ్మా, గా రోజు లోపల నీకు కండ్లపడ్డాయన ఎట్లున్నడు బిడ్డా? ఎవని లెక్క ఉన్నడు?"

ముఖం సరిగ్గా కనపడలేదని చెప్పాను. ఉమైరా, మొత్తం ఈ వ్యవహారంలో నేను ఆడిన అబద్ధం అదొక్కటే.

రోజా